స్టాకులో పెట్టిన ఏడుపు

తెర మీద గాడిదలన్నీ ఒక్కసారిగా నోళ్ళు తెరిచినాయి. ఎర్ర లైటు వెలిగింది. మైకు చుట్టూ నిలబడుకోని ఉండాము మేము ఆరుమందిమి. ఒక్కరం కూడా అరవలేదు.

గాడిదలు యజమాని చేతిలో కర్ర లాక్కుంటా ఉండాయి. వాణ్ణి కొండ దారిలో తరుముతా ఉండాయి. అంతా మూగ సినిమా మాదిరి. అద్దం అవతల ఇంజినీరన్న హెడ్‌ఫోను ఒక చెవి మీద నించి తీసి, మళ్ళీ పెట్టుకోని, మళ్ళీ తీసినాడు.

"ఏమైందిమ్మా? మైకు పని చేస్తా ఉండాదా?"

"మైకు బాగానే పని చేస్తా ఉండాదన్నా. మేమే పని చెయ్యడం లే" అనింది అక్క.

నాకు ఒక పక్క భయం, ఇంకో పక్క నవ్వు. నా పక్కన పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకోని నిలబడింది. నవ్వు ఆపుకుంటా ఉండాదో, ఏడుపు ఆపుకుంటా ఉండాదో తెలియలా.

ఉండండి, ఉండండి. నేనెప్పుడూ ఇంతే, మధ్యలో మొదలుపెట్టేస్తా. ఇప్పుడు నేను సౌకార్‌పేటలో ఒక గాజుల హోల్‌సేలు అంగట్లో ఉండా. ఆడ పనిచేసే చిన్నపిల్లలు ఊరికే అడగతా ఉంటారు, "అక్కా, నువ్వు సినిమాల్లో గొంతిచ్చేదానివంట కదా, ఎందుకు మానేసినావు?" అని. ఒకరికి చెప్పినాక ఇంకొకరు వస్తారు. అందుకే ఈ తడవ రాసేస్తా ఉండా. నేను పది దాకానే చదివినా, అదీ తమిళంలో. తెలుగు అమ్మ నేర్పించింది. తప్పులుంటే మీరే సర్దుకోని చదువుకోండి. ఎవురి పేర్లూ రాయను. వాళ్ళంతా ఈడనే, ఈ ఊర్లోనే ఉండారు, రేపు బస్సులో ఎదురుపడతారు.

నేను చేసిన పని పేరు క్రౌడు. సినిమాలో సంత కనపడతాది, ఊరేగింపు కనపడతాది, చావింటి ముందర జనం కనపడతారు. ఆ జనం గోల ఉంటాది చూడండి, అది మేము. వేరే భాషలో తీసిన సినిమా తెలుగులోకి మార్చేటప్పుడు ఆ గోల కూడా తెలుగులో పెట్టాల కదా. ఆరుమందిని పిలుస్తారు. ఒకసారి అరుస్తాము. మళ్ళీ చోట్లు మారి, గొంతులు మార్చి, ఇంకోసారి అరుస్తాము. గట్టి గొంతు వెనక్కి, మెత్త గొంతు ముందుకి. అట్ట నాలుగైదు తడవలు చేసినాక ఇంజినీరు అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేరుస్తాడు. అంతే, ఆరుమంది ఊరంత అయిపోతారు. ఎన్ని రాజ్యాలు కూలగొట్టినామో ఆ గదిలో! ఏసీ చలికి చున్నీ చెవులకి కప్పుకోని మరీ కూలగొట్టినాము.

దానికి ఒక రూలు ఉండాది. గుంపులో ఎవురి మాటా విడిగా వినపడకూడదు. ఫలానా మనిషి ఫలానా మాట అనిందని తెలిసిందా, టేకు పోయినట్టే. కొత్తల్లో నాకు అది చేతకాలేదు. నేను నోరు తెరిస్తే మాట వచ్చేస్తాది కదా. "ఒసే, నీ గొంతు పైకి తేలతా ఉండాది, కింద పెట్టు" అని చెవి మెలేసి నేర్పించింది పెద్దమ్మ.

పెద్దమ్మ సంగతి చెప్పాల. మా వీధి వెనకాలే ఉంటాది, పెరంబూరులో, రైల్వే వర్క్‌షాపు గోడ పక్కన. ఒంటి మనిషి. ఆమె మొగుడు వర్క్‌షాపులో పని చేసి పోయినాడు, పిల్లల్లేరు. నన్ను ఈ పనిలోకి తీసుకుపోయిందే ఆమె. ఆమె పని ఏడుపు. చావు సీను వచ్చిందంటే పెద్దమ్మ మైకు దగ్గరికి జరగతాది, మేము వెనక్కి జరగతాము. ఆమె శోకం ఎత్తుకుంటే అద్దం అవతల ఇంజినీరన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు. లైటు ఆరిపోంగానే ఈమె "ఏందిమే, కాఫీ వచ్చిందా?" అనేది. నేను ఒకసారి అడిగినా, "ఎట్ట పెద్దమ్మా, ఎవుర్ని తల్చుకుంటావు?" అని. "ఎవుర్నీ తల్చుకోనుమే. తల్చుకుంటే గొంతు పట్టేస్తాది. ఏడుపు పని, తల్చుకునేది ఇంటికాడ" అనింది.

మిగిలినోళ్ళ సంగతి కూడా చెప్పేస్తా. గట్టి గొంతు మామ ఒకడు, పోలీసోడు దగ్గాలన్నా, రౌడీ ఉరమాలన్నా ఆయనే. అన్నదమ్ములు ఇద్దరు, చిన్నోడు ఏమంటే పెద్దోడు అదే. నేను. ఇంక అక్క. అక్క నాకంటే ఒక పదేళ్ళు పెద్దది. నెల్లూరు పక్కనించి చిన్నప్పుడే వచ్చేసినారంట. నోరు తెరిస్తే నవ్వు. ఎవురికి ఒళ్ళు బాగాలేకపోయినా ముందర ఆమె ఇంటికాడ ఉండేది. నాకు జ్వరం వచ్చినప్పుడు మా అమ్మ కంటే ముందర రసం తెచ్చింది.

మమ్మల్ని పనికి పిలిచేది ఇన్‌ఛార్జి. మాస్టరు అనేవాళ్ళం. ఎవురు రావాల, ఎవురు వద్దు, అంతా ఆయన నోటి మాట. మాకు ఆయనతో రెండు తగాదాలు. ఒకటి బాత్రూము తాళం. లోపల మంచి బాత్రూము ఉండాది, అది హీరో గొంతు, హీరోయిన్ గొంతు చెప్పేవాళ్ళకి. తాళం మాస్టరు జేబులో ఉంటాది. మేము రోడ్డు దాటి టీ కొట్టు వెనకాల పోవాల. రెండోది స్టాకు. స్టాకు అంటే, మేము ఎప్పుడో అరిచిన అరుపులన్నీ కంప్యూటర్లో దాచిపెట్టినారు. మనిషిని పిలవకుండా పాత సినిమా ఏడుపు తీసి కొత్త సినిమాకి అంటించేది. అమ్మాయి పెళ్ళిలో ఏడిచిన ఏడుపు, యుద్ధంలో వాడుకుంటారు. మా గొంతే మా పని పోగొట్టేది, చూడండి ఎంత చోద్యమో.

ఒక పొద్దు వాన. పెద్దమ్మకి షుగరు, ఆగలేదు పాపం. తాళం అడిగితే మాస్టరు "క్రౌడుకి కాదు" అన్నాడు. రోడ్డు దాటి పోయి తడిసి ముద్దయి వచ్చేసరికి, ఆమె సీను అయిపోయింది. స్టాకులోది పెట్టేసినాడు. "నువ్వు ఇంటికి పోవచ్చు" అన్నాడు. పెద్దమ్మ కొంగు పిండుకుంటా నిలబడింది. ఆమె కాళ్ళ కింద నీళ్ళు మడుగు కట్టినాయి. అక్క ఆ నీళ్ళనే చూస్తా ఉండింది.

బయట టీ కొట్టు దగ్గర మా అందరినీ నిలబెట్టి అక్క అనింది, "రేపు ఒక్కరు కూడా నోరు తెరవొద్దు. ఒక్కరు తెరిచినా అంతా పోతాది. మనకి ఉండేది గొంతే కదా, అది ఇయ్యకుండా చూద్దాం."

"నేను గమ్మునుంటే నాకు కడుపు నొప్పొస్తాదిమే" అన్నాడు మామ.

"అయితే కడుపు పట్టుకోని నిలబడు మామా."

అదీ, నేను మొదట చెప్పింది. అప్పుడు మేము చేస్తా ఉండేది ఒక గాడిదల బొమ్మల సీరియలు. ఓటీటీలో పిల్లలకి వస్తాది అన్నారు. ఉప్పు మూటలు మోసే గాడిదలు. యజమాని కొడతాడు, దాణా పెట్టడు. ఒక కొండ సందులో అన్నీ తిరగబడి వాణ్ణి తరిమేస్తాయి. సరిగ్గా ఆ సీనులోనే మేము నోరు మూసుకున్నాము. అక్క కావాలనే ఆ సీను పట్టుకుందో, అట్ట కుదిరిందో, ఇప్పటికీ తెలియదు. మాస్టరు వచ్చి అరిచినాడు, బతిమాలినాడు, మళ్ళీ అరిచినాడు. "నీ అరుపులు స్టాకులో పెట్టుకో మాస్టరూ, పనికొస్తాయి" అన్నాడు మామ. స్టాకులోది పెట్టి చూసినారు, గాడిదలకి మనుషుల కేకలు అతకలేదు. ఆ గాడిద గోల అంతకు ముందు ఎవురూ అరిచుండలేదు కదా! సందకాడ కంపెనీ మేనేజరు సారు వచ్చినాడు. మరుసటి వారం మాస్టర్ని వేరే చోటికి పంపించేసినారు. ఇన్‌ఛార్జి ఎవురంటే, అందరం అక్క వైపు చూసినాము.

అక్క వద్దు వద్దనింది. నిజంగానే అనింది, నటన కాదు. పెద్దమ్మ ఆమె మొహం చుట్టూ చేతులు తిప్పి, మెటికలు విరిచి దిష్టి తీసింది. "మా రాణివిమే నువ్వు" అనింది. అక్క కళ్ళలో నీళ్ళు. "రాణీ లేదు, గీణీ లేదు పెద్దమ్మా. తాళం గోడకి మేకు కొట్టి తగిలిస్తా. స్టాకు పెట్టె తెరవను. ఈ రెండూ చెయ్యకపోతే నా మొహాన ఉమ్మేయండి" అనింది. టీ కొట్టు దగ్గర అందరం మిరపకాయ బజ్జీ తిన్నాము. అంత రుచి బజ్జీ నేను మళ్ళీ తినలేదు.

తర్వాత వారం గాడిదల గోల మళ్ళీ చేసినాము. అబ్బ, ఏం అరిచినాం! ఇంజినీరన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టినాడు.

కొన్నాళ్ళు బాగుండింది, ఆ మాట చెప్పకపోతే పాపం తగలతాది. తాళం మేకుకి వేలాడతా ఉండేది. అక్క మాతో పాటే మైకు దగ్గర నిలబడి అరిచేది. పిలుపులు అందరికీ సమంగా వచ్చేవి.

సీరియల్లో కథ ముందుకి పోతా ఉండాది. గాడిదలు మూటలు సమంగా పంచుకున్నాయి. దారి తెలిసిన ఒక బూడిద రంగు గాడిద ముందర నడస్తాది. కొన్ని వారాలకి, దారి చూసేదానికి మూట బరువెందుకని మిగతావే దాని మూట తీసి పంచుకుంటాయి. వాటంతట అవే. పెద్దమ్మ ఆ సీను చూసి నవ్వింది. "చూడుమే, అది అడగను కూడా లేదు. వీళ్ళే దించినారు." మేమంతా నవ్వినాము. అక్కే జాస్తిగా నవ్వింది.

అక్కని మేడమ్ అని మొదట పిలిచింది మామ. ఊరికే, చుమ్మా, ఎగతాళికి. అక్క చెప్పు తీసి చూపించింది. రెండో తడవ నవ్వి ఊరుకుంది. కొన్నాళ్ళకి మామ "మేడమ్" అంటే వెనక్కి తిరిగి "ఏంది మామా?" అనింది. అప్పుడు ఎగతాళి యాడ పోయిందో నాకు తెలియదు. ఆ తర్వాత కొత్తగా ఇద్దరు ఆడపిల్లలు వచ్చినారు. వాళ్ళకి మొదటినించీ మేడమే.

అక్క అరిచేది మానేసింది. "ఆ పక్క కూసోని వింటేనే మీ తప్పులు తెలుస్తాయి" అనింది. నిజమే కదా అనుకున్నాము. అద్దం అవతల ఇంజినీరన్న పక్కన కుర్చీ వేసుకుంది. ఒక పొద్దు మేకుకి తాళం లేదు. ఎవురో కొళాయి విరగ్గొట్టినారంట, మేనేజరు సారు ఆమెని మాట అన్నాడంట. తాళం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"అడిగితే ఇస్తాను కదమే. ఇయ్యనన్నానా?"

"అడగాల కదక్కా."

"నోరు జాస్తి అయింది నీకు" అని బుగ్గ గిల్లింది. ప్రేమగానే గిల్లింది. అదే నాకు కష్టం. ఆమె ఒక్కసారిగా చెడ్డది అయిపోయుంటే నేను కూడా ఒక్కసారిగా కోపం తెచ్చుకునుందును. మా అమ్మకి ఆపరేషను అంటే ఆసుపత్రిలో నాతో పాటు కూసునింది, అప్పుడు కూడా. ఇట్టాంటి మనిషిని ఏమని తిట్టాల?

అప్పటికే పెద్దమ్మకి దగ్గు పట్టుకుంది. ఏడుపు మధ్యలో దగ్గు వస్తే టేకు పోతాది, ఇంకోసారి, ఇంకోసారి. ఒక పొద్దు అక్క ఆమె భుజం మీద చెయ్యేసి, "ఇంటికాడ రెస్టు తీసుకో పెద్దమ్మా. చిన్నా చితకా ఏడుపులకి నువ్వెందుకు? పెద్ద ఏడుపు వచ్చినప్పుడు పిలుస్తా" అనింది.

పెద్దమ్మ అది నమ్మింది. పెద్ద ఏడుపు కోసం ఎదురుచూసింది. నేను పని నించి వచ్చేటప్పుడు గుమ్మంలో కూసోని ఉండేది.

"కథలో ఎవురైనా చచ్చినారామే?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

"ఏం గాడిదలుమే అవి, ఒక్కటీ చావదు" అని విసుక్కునేది.

నాకు నవ్వొచ్చేది, ఇంటికి పోయినాక నవ్వు ఆగిపోయేది. ఒంటి గదిలో పొద్దుగూకులూ ఏం చేస్తాది? "ఈ ఇంట్లో నాతో మాట్లాడేది టీవీ ఒకటేమే. దాంట్లో కూడా నా గొంతే వస్తాది" అనింది ఒకసారి. ఆమెకి కావాల్సింది ఏముండాది? ఆ ఆరుమందిలో నిలబడేదానికి చోటు. ఇంకోసారి లోపలికి పిలవాల, అంతే.

అట్టుండగా చివరి వారం వచ్చింది. ముసలి గాడిద ఒకటి ఉండాది కథలో, మోకాళ్ళు పట్టేసి నడవలేదు. బూడిద గాడిద ఆగనియ్యదు, గుంపు ఆగితే చలికి అందరూ చస్తారంటాది. ముసలిదాన్ని మంచులో వదిలేసి పోతారు. గుంపంతా ఏడవాల. ముందు రోజు తెర మీద ఆ ముక్క చూసినా నేను. చూడంగానే నాకు సంతోషం పట్టలేదు, నిజం చెప్తా ఉండా. గాడిద చస్తే సంతోషపడినదాన్ని నేను ఒక్కదాన్నే ఏమో. రైలు దిగంగానే పరిగెత్తినా.

"పెద్దమ్మా! చస్తాదంట! రేపే! ముసలి గాడిద!"

"నిజంగానా?" లేచి నిలబడింది. "గుంపు ఏడుపా, ఒంటి ఏడుపా?"

"మొదట ఒంటి ఏడుపు, తర్వాత గుంపు."

"అయితే నేనే" అనింది. చిన్నపిల్ల మాదిరి నా రెండు చేతులూ పట్టుకుంది. "మిరియాల కషాయం కాచుకుంటా. రేపు దగ్గు రాదు చూడు."

మరుసటి పొద్దు పదింటికి రికార్డింగు థియేటర్లో పెద్దమ్మ లేదు. మైకు చుట్టూ నేను, మామ, అన్నదమ్ములు, కొత్త పిల్లలు ఇద్దరు. తెర మీద మంచు. ముసలి గాడిద కూలబడింది. నేను తలుపు వైపు చూస్తా ఉండా, ఇప్పుడు వస్తాది, ఇప్పుడు వస్తాది అని. తలుపు తెరుచుకోలేదు. స్పీకర్లో ఏడుపు మొదలయింది.

ఆ ఏడుపు ఎవురిదో నాకు చెప్పాలా?

"అక్కా" అన్నా అద్దం వైపు చూసి. "అది స్టాకు."

"అవును" అనింది అద్దం అవతలినించి, టాక్‌బ్యాకు మైకులో. "బాగా అతికింది కదా? మీరు దాని మీద గుంపు ఏడుపు ఇయ్యండి చాలు."

"పెద్దమ్మని పిలవలేదా?"

"ఆమె దగ్గుతాదిమే. ఈ పొద్దు పంపించేయాల ఇది."

"స్టాకు పెట్టె తెరవనంటివి కదక్కా."

ఇంజినీరన్న తల వంచుకోని ఏదో బటను చూసుకుంటా ఉండాడు. అక్క లేచి లోపలికి వచ్చింది. కోపం లేదు మొహంలో. అలసట ఉండాది. "నీకు తెలియదుమే. కంపెనీ వాళ్ళు మనుషులే వద్దు, మిషను గొంతు పెడతామంటా ఉండారు. నేను ఆడ కూసోని ప్రతి వారం వాళ్ళతో కొట్లాడతా ఉండా. ఆరుమందినైనా ఉంచండి అని. పెద్దమ్మ ఒక్కదానికోసం ఈ ఆరుమందిని పోగొట్టుకోమంటావా? చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్తా."

  అంత బాగా మాట్లాడతాది అక్క. మాస్టరు ఎప్పుడూ ఇంత బాగా మాట్లాడలేదు.

"మామా, నువ్వు చెప్పు" అన్నా. మామ నేల మీద వైరు చూస్తా, "టైమవుతా ఉండాదిమే, కానీ" అన్నాడు. చిన్నోడు మామ వైపు చూసినాడు, పెద్దోడు చిన్నోడి వైపు చూసినాడు. కొత్త పిల్లలకి ఏమీ అర్థం కాలేదు. "మేడమ్, మేము ఏడవాలా?" అని అడిగింది ఒక పిల్ల.

ఎర్ర లైటు వెలిగింది. అందరూ ఏడిచినారు. నేను నోరు మూసుకున్నా.

పళ్ళు బిగపట్టుకోని నిలబడినా. ఇప్పుడు ఆపుతాడు, ఇప్పుడు ఇంజినీరన్న హెడ్‌ఫోను తీస్తాడు, ఏమైందిమ్మా అంటాడు అని చూస్తా ఉండా. టేకు అయిపోయింది. "సూపర్" అన్నాడు. "ఇంకో తడవ." చోట్లు మారినాము. మళ్ళీ మూసుకున్నా. "ఓకే." మళ్ళీ. "ఓకే."

ఎవురికీ తెలియలేదు. ఆరుమందీ గమ్మునుంటే కంపెనీ మేనేజరు దిగొచ్చినాడు. ఒక్కదాన్ని గమ్మునుంటే నా పక్కన నిలబడిన పిల్లకి కూడా వినపడలేదు. గుంపులో ఒక గొంతు తగ్గితే గుంపు గుంపే. మాకు నేర్పించిందే అది కదా, ఎవురి గొంతూ విడిగా తెలియకూడదని. నా గొంతు లేనిది కూడా తెలియకుండా పోయింది. నాలుగు తడవలు అయినాక ఆ గాడిద కోసం ఊరంతా ఏడిచినట్టు వచ్చింది, బ్రహ్మాండంగా వచ్చింది. అందులో నేను లేను.

తలుపు తోసుకోని బయటికి వచ్చేసినా.

బయట హాల్లో మనుషులు కాచుకునేదానికి ఒక బెంచీ ఉండాది, గోడకి ఒక చిన్న స్పీకరు. లోపల జరిగేది దాంట్లో వినపడతాది. ఆ బెంచీ మీద పెద్దమ్మ కూసోని ఉండాది. ఇస్త్రీ చీర కట్టుకోని, కషాయం ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకోని. పిలవకుండానే వచ్చింది. తలుపు తట్టకుండా కూసునింది. స్పీకర్లో ఇంజినీరన్న మొదటినించీ వేసి చూస్తా ఉండాడు. ఆమె ఏడుపు ఆమె వింటా ఉండాది.

నేను నిలబడిపోయినా. నన్ను చూసి, గమ్మునుండు అని వేలు చూపించింది. మొత్తం వినింది.

"బాగా ఏడిచినా కదమే" అనింది. "ఆ పొద్దు నాకు జలుబు. అదిగో, ఈడ ముక్కు ఎగబీల్చినా చూడు, వినపడిందా? ఏదో నావ మునిగిపోయిన సినిమా అది."

 ఆమె ఫ్లాస్కు మూత బిగించింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ బిగించింది.

"నన్ను పిలిచుంటే ఇంకా బాగా ఏడిచుందును" అనింది.

లోపలినించి అక్క వచ్చింది. పెద్దమ్మని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏమంటాదో అని నేను చూస్తా ఉండా. ఏడిస్తే బాగుండు అనుకున్నా, కాళ్ళు పట్టుకుంటే బాగుండు అనుకున్నా. అక్క నోరు తెరిచింది, మూసింది. తర్వాత తన వెనకాల వచ్చిన కొత్త పిల్లవైపు తిరిగి, "పెద్దమ్మకి టీ చెప్పుమే, చక్కెర లేకుండా" అనింది.

చక్కెర లేకుండా అనేది మాత్రం మర్చిపోలేదు చూడండి. 

పెద్దమ్మ టీ తాగింది. మర్యాదగా తాగింది. "వస్తామే రాణీ" అని అక్క గడ్డం పట్టుకోని చెప్పి లేచింది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే అక్క బతికిపోయేది. మేమిద్దరం రైలెక్కినాము. పెరంబూరు దాకా ఆమె కిటికీలోంచి చూస్తా, గాడిద చివరికి ఏమయిందని అడిగింది. మంచులో ఉండిపోయిందన్నా. "మిగతావి వెనక్కి తిరిగి చూసినాయా?" అనింది. ఒకటి చూసిందన్నా. నిజానికి ఏదీ చూడలేదు.

మరుసటి పొద్దున ఆమె ఇంటికి పోయినా. తలుపు తీసే ఉండాది. పెద్దమ్మ తల దువ్వుకోని, జడ అల్లుకోని, పూలు పెట్టుకోని మంచం మీద కూసోని ఉండాది. ఒళ్ళో ఫోను. ఈ పనిలో పిలుపు వచ్చేది పొద్దున ఏడూ ఎనిమిది మధ్యలోనే. ఇన్నేళ్ళ అలవాటు. నిన్న అంత జరిగినాక కూడా తయారైపోయి కూసునింది.

నేను పక్కన కూసున్నా.  నేను మాట్లాడకుండా అంతసేపు కూసునిందే లేదు నా జన్మలో.

ఫోను మోగింది. ఆమెది కాదు, నాది. అక్క.

"ఎత్తుమే" అనింది పెద్దమ్మ. "నీకు వయసుండాది. ఎత్తు."

మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. నేను దాన్ని ఆపేసి దిండు కింద పెట్టినా. గడియారంలో ఎనిమిది దాటింది. పెద్దమ్మ తన ఫోను ఒకసారి చూసుకునింది. దాన్ని బోర్లా పెట్టింది.

అప్పుడు లేచి ఆమె పొయ్యి దగ్గర కొబ్బరి నూనె గిన్నెలో పోసి వెచ్చబెట్టినా. పని ఉండే పొద్దు ఎవురైనా తలకి నూనె పెట్టుకుంటారా, చెప్పండి. ఆమె నా చేతిలో గిన్నె చూసింది.  మెల్లగా నాకు వీపు తిప్పి కూసునింది. నేను పూలు తీసి పక్కన పెట్టి, ఆమె జడ విప్పినా.